4,29,49,67,297: ఒక పెద్ద సంఖ్య అంతర్నిర్మాణం

2ను 32వ ఘాతానికి హెచ్చించి 1 కలిపితే 4,29,49,67,297 వస్తుంది. ఇది ప్రధాన సంఖ్యా, కాదా? ఈ ప్రశ్న దాదాపు ఒక శతాబ్దం పాటు తేలలేదు.

2¹+1, 2²+1, 2⁴+1, 2⁸+1, 2¹⁶+1 విలువలు వరుసగా 3, 5, 17, 257, 65537. ఐదూ ప్రధాన సంఖ్యలే. ఘాతాన్ని ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందని ఫ్రెంచి గణితవేత్త పియెర్ ద ఫెర్మా 1640 ప్రాంతంలో విశ్వసించాడు. నిరూపణ మాత్రం ఇవ్వలేకపోయాడు. 1729లో గణితవేత్త గోల్డ్‌బాక్ ఈ ప్రశ్నను మరో గణితవేత్త ఆయిలర్ దృష్టికి తెచ్చాడు. వరుసలో ఆరో సంఖ్య అయిన 2³²+1ను 641 నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో ఆయిలర్ ప్రకటించాడు:

4,29,49,67,297 = 641 × 67,00,417

ఈ సంఖ్య ప్రధానమో కాదో గుడ్డిగా పరీక్షించాలంటే 65,536 లోపున్న 6,542 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడాలి. సిద్ధాంతం ఆ శ్రమను తప్పిస్తుంది. దీని ప్రధాన కారణాంకం ఏదైనా 64 గుణిజానికి ఒకటి ఎక్కువగా ఉండాలని ఆయిలర్ తరువాత నిరూపించాడు. 1878లో గణితవేత్త లూకా ఆ 64ను 128కి పెంచాడు. ఆ రూపంలో మొదట వచ్చే ప్రధాన సంఖ్యలు 257, 641. ఇందులో 257ను పరీక్షించనక్కరలేదు. ఎందుకంటే 3 × 5 × 17 × 257 × 65537 లబ్ధం 4,29,49,67,295. మన సంఖ్య దానికంటే సరిగ్గా రెండు ఎక్కువ. కాబట్టి 257తో భాగిస్తే శేషం 2 మిగులుతుంది. అంటే మొదట పరీక్షించవలసింది 641నే!

భాగహారం చేయకుండానే ఫలితాన్ని రూఢి చేసుకోవచ్చు. 641 = 5×2⁷+1 కనుక, 641తో భాగించినప్పుడు 5×2⁷, −1 రెండూ సమానమే. నాలుగో ఘాతానికి హెచ్చిస్తే 5⁴×2²⁸ శేషం 1 అవుతుంది. మరోవైపు 641 = 5⁴+2⁴ కూడా. అందువల్ల 5⁴కు బదులు −2⁴ వేస్తే −2³² శేషం 1 అని తేలుతుంది. అంటే 2³²+1కు శేషం సున్నా.

పక్కనున్న 4,29,49,67,295కూ ఒక విశిష్టత ఉంది. స్కేలు, వృత్తలేఖినులతో 17 భుజాల క్రమ బహుభుజిని నిర్మించవచ్చని 1796లో గణితవేత్త గౌస్ కనుగొన్నాడు. ఆ మార్గంలో నిర్మాణ సాధ్యమని నేటికి తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజులన్నిటిలో అత్యధిక భుజాలున్నదానికి సరిగ్గా ఇన్ని భుజాలే ఉంటాయి.

ఫెర్మా వరుసలో 65537 తరువాత మరో ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు. ఇక లేనే లేదని ఎవరూ నిరూపించలేదు. అందుకే ఇక్కడ తొందరపడి మరో నమ్మకం ఏర్పరచుకోరాదు. ఐదు ఉదాహరణలు ఫెర్మా ఊహకు ఊతమిచ్చాయి గాని దాన్ని సత్యం చేయలేకపోయాయి. గణితంలో ఆ అధికారం నిరూపణది మాత్రమే.