ఆటబొమ్మయా? పనిముట్టా?

ఆట లేని బాల్యము లేదు. పనిముట్టు లేని ఆటయు అరుదే. గవ్వలు లేక అష్టాచెమ్మ లేదు, చింతగింజలు లేక వామనగుంటలు లేవు. పాత దేవాలయముల మండపములలో రాతిపలకలపై గీసియున్న పులిజూదపు గీతలను చూచినవారికి, మన పెద్దలు ఆటకు ఎంత చోటిచ్చినారో వేరుగ చెప్పనక్కరలేదు. అయితే ఆ ఆటలకు ఖర్చు లేదు. ఒక బొగ్గుముక్క, గుప్పెడు రాళ్లు ఉన్న చాలును. నేటి పిల్లవాడు కోరుచున్న ఆటకు మాత్రము ఇంటి యజమాని కొన్ని నెలల పొదుపును ముందుంచవలసియున్నది. కావుననే ఇది పిల్లల ముచ్చటగా మిగిలిపోక, ఇంటిల్లిపాది కూర్చుండి విచారించవలసిన విషయమైనది.

చోడవరము వంటి ఊరిలో ఈ విచారణకు మరికొంత బరువు కలదు. 2022 ఏప్రిల్ 4వ తేదీ వరకు విశాఖపట్టణము జిల్లాలోను, నాటినుండి అనకాపల్లి జిల్లాలోను చేరియున్న ఈ ఊరు చెరకు పండు సీమకు నడుమ నున్నది. చెరకు పండించువానికి రాబడి ఏడాదికొకసారి. ఖర్చు ప్రతి దినము. అట్టి ఇంట రెండు యంత్రములు కొనుట కలలోని మాట. ఇంటరులో చేరిన అబ్బాయి టెలివిజనుకు తగిలించి ఆడుకొను యంత్రమును కోరును. దానినే కన్సోలు అందురు. తండ్రి "అది చదువుకు పనికివచ్చునా?" అని అడుగును. ఇద్దరి మాటలోను న్యాయమున్నది. ఆ రెండు కోరికలను ఒక్క ఖర్చుతో తీర్చు ఉపాయమున్నదా అన్నదే ప్రశ్న. ఉన్నదని నా అభిప్రాయము. అంగడివారే కూర్చి సిద్ధపరచిన, మితమైన ధరగల, ఆటకును పనికివచ్చు కంప్యూటరే ఆ ఉపాయము. ఆ మాట ఊరక చెప్పిన చాలదు, లెక్క చూపవలెను.

ముందుగా ప్రతిపక్షము వాదమును నిండుగా వినుట ధర్మము. కన్సోలు గొప్ప సౌకర్యము గల యంత్రము. పెట్టె విప్పి, తీగ తగిలించి, మీట నొక్కినచో ఆట మొదలగును. ఏ ఆట ఏ భాగముతో సరిపడును, ఏ సాఫ్ట్‌వేరును సరిచేయవలెను అను చింత లేదు. ప్లేస్టేషన్ 4 వచ్చినది 2013లో. ప్లేస్టేషన్ 5 వచ్చినది 2020లో. అనగా కొన్నవాడు ఏడేండ్లపాటు నిశ్చింతగా ఉండవచ్చునన్న మాట. ధర సంగతి చూడుడు. 2021 ఫిబ్రవరి 2న మన దేశములో విడుదలైనప్పుడు డిస్కు పట్టు ప్లేస్టేషన్ 5 ధర 49,990 రూపాయలు. 2020 నవంబరులో వచ్చిన చిన్న ఎక్స్‌బాక్సు, అనగా సిరీస్ ఎస్, ధర 34,990 రూపాయలు. అంత ధరకు అంతటి చిత్రకాంతిని చూపు కంప్యూటరు దొరకదు. ఈ సత్యమును దాచి కంప్యూటరును పొగడువాని మాట నమ్మదగినది కాదు.

అయితే కన్సోలు అంత చౌకగా ఎట్లు వచ్చుచున్నది? వర్తకుడు దానము చేయడు కదా! 2021లో అమెరికాలో ఎపిక్, ఆపిల్ సంస్థల నడుమ నడచిన వ్యాజ్యములో సాక్ష్యమిచ్చిన మైక్రోసాఫ్టు ప్రతినిధి, ఎక్స్‌బాక్సు యంత్రముల అమ్మకము మీద తమకు ఎన్నడును లాభము రాలేదని చెప్పినది. యంత్రము మీద రాని లాభమును ఆటల మీదను, చందాల మీదను రాబట్టుటయే ఆ వ్యాపారపు కిటుకు. సోనీ సంస్థ తాను వెలువరించిన కొన్ని పెద్ద ఆటలకు మన దేశములో 4,999 రూపాయల ధర నిర్ణయించినది. అట్టి ఆటలు పది కొన్నచో 49,990 రూపాయలు, అనగా యంత్రము తొలి ధర ఎంతయో సరిగా అంత! పైగా కొనుక్కొన్న ఆటను దూరముననున్న మిత్రులతో కలసి ఆడుటకు సాధారణముగా వేరే చందా కట్టవలెను. కంప్యూటరు మీద అట్టి చందా సాధారణముగా లేదు. స్టీమ్ అను ఆటల అంగడి 2015 నుండి రూపాయలలోనే ధరలు తీసుకొనుచున్నది. ఏటేట తగ్గింపు ధరలకు అమ్మకములు జరుపుచున్నది. ఎపిక్ సంస్థ 2018 డిసెంబరు నుండి కొన్ని ఆటలను ఉచితముగనే పంచిపెట్టుచున్నది. కనుక మొదటి దినమున కన్సోలు చౌక. మూడవ సంవత్సరమున కంప్యూటరు చౌక కావచ్చును. మన పల్లెలలో ఎద్దును కొనువాడు ఎద్దు ధరతో పాటు మేత ఖర్చును కూడ లెక్కకట్టును. ఆ తెలివియే ఇక్కడ కావలెను.

ధరకంటె ముఖ్యమైనది మరొకటి కలదు: యంత్రముపై పెత్తనమెవరిది? 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3లో, కొన్నవాడు కోరినచో లినక్సు అను వ్యవస్థను నెలకొల్పుకొని, దానిని సామాన్యమైన కంప్యూటరువలె వాడుకొను వీలుండెను. అమెరికా వైమానిక దళమువారి పరిశోధనశాల 1,700కు పైగా అట్టి యంత్రములను జతపరచి ఒక మహా గణక యంత్రమునే నిర్మించినది. కాని 2010 ఏప్రిల్ 1న సోనీ సంస్థ ఒక సాఫ్ట్‌వేరు మార్పుతో ఆ వీలును తొలగించినది. మార్పు వలదన్నవారికి సంస్థవారి నెట్‌వర్కులో ఆడుకొను అవకాశము పోయినది. సొమ్ము చెల్లించి కొన్నవాని ఇంటిలోనున్న యంత్రము చేయు పనిని, సముద్రముల కావలనున్నవారు ఒక దినమున తగ్గించిరి. యంత్రము శక్తి తగ్గలేదు. తాళపుచెవి మాత్రము ఇతరుల చేతిలోనున్నది. మనము కొనుచున్నది ఆటబొమ్మయా, పనిముట్టా అన్నది ఈ తాళపుచెవి ఎవరిచేత నున్నదో దానినిబట్టి తేలును.

పనిముట్టు చేతికందిన పిల్లవాడు ఏమి కాగలడో చూపుటకు మన హైదరాబాదులోనే ఒక నిదర్శనమున్నది. సత్య నాదెళ్ల 1967లో ఆ నగరమున జన్మించినాడు. తనకు సుమారు పదునైదేండ్ల ప్రాయమున, తండ్రియగు బి. ఎన్. యుగంధర్ బ్యాంకాకు నుండి ఒక సింక్లెయిర్ జెడ్ ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటరును తెచ్చియిచ్చిన సంగతిని ఆయన తన 'హిట్ రిఫ్రెష్' గ్రంథములో తెలిపినాడు. 1982లో ఇంగ్లండులో వెలువడిన ఆ స్పెక్ట్రమ్ ఆనాటి చౌక యంత్రము. వేలాది ఇండ్లలో పిల్లలు దానిని ఆటలకే వాడిరి. కాని దానికి కీబోర్డు ఉండెను, మీట నొక్కగనే "ఏమి చేయవలెను?" అని అడుగుచున్నట్లు ఆదేశము కొరకు ఎదురుచూచుచుండెను. ఆడుకొనవచ్చును, ఆటను వ్రాయనువచ్చును. ఆ బాలుడే 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్టు సంస్థకు అధిపతియై, ఎక్స్‌బాక్సుకును విండోసుకును కూడ పెద్ద అయినాడు. చౌక కంప్యూటరు కొనియిచ్చిన ప్రతి ఇంట ఒక నాదెళ్ల పుట్టునని చెప్పుట హాస్యాస్పదము. ద్వారము తెరచియుంచుట వేరు, లోనికి నడచుట వేరు. కాని మూసిన ద్వారములో నుండి ఎవ్వరును నడువలేరు కదా!

మరియొక ఉదాహరణము. 'ఎలీట్' అను ప్రఖ్యాతమైన ఆటను 1984లో వ్రాసినవారు డేవిడ్ బ్రేబెన్, ఇయన్ బెల్ అను కేంబ్రిడ్జి విద్యార్థులు. వారు దానిని వ్రాసినది బి.బి.సి. మైక్రో అను పాఠశాలల కంప్యూటరు కొరకు. అదే 1984లో మన కేంద్ర ప్రభుత్వము 'క్లాస్' అను పథకము క్రింద ఉన్నత పాఠశాలలకు పంపనారంభించిన యంత్రములును ఈ బి.బి.సి. మైక్రోలే. ఒకే యంత్రము ఒకచోట పాఠము చెప్పినది, ఒకచోట ఆటకు పుట్టినిల్లయినది. చదువునకును ఆటకును నడుమ మనము కట్టుకొన్న గోడ యంత్రమునకు తెలియదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఈ సందర్భమున ఒక్క మాట. ఆట కొరకు కొన్న కంప్యూటరులో తెలుగు వ్రాయవచ్చును; 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పునందే మన లిపికి స్థానము దొరకినది. పిల్లలచేత చిన్న ఆటలు కట్టించుటకు స్క్రాచ్, పెద్ద ఆటలకు గోడో, బొమ్మలు చేయుటకు బ్లెండర్ అనునవి ఉచితముగ లభించుచున్నవి. చదరంగమునందు ఆసక్తిగల విద్యార్థికి స్టాక్‌ఫిష్ అను ఉచిత సాధనము అలసట యెరుగని గురువు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదునైదేండ్ల ప్రాయమున గ్రాండ్‌మాస్టరైన దేశమిది; మన ఊళ్ల పిల్లలకు లోపించినది బుద్ధి కాదు, సాధనమే. ఈ పనులకు కన్సోలు ఉద్దేశింపబడలేదు.

ఇక, భాగములు విడివిడిగా కొని కూర్చుకొనుట మేలా, సిద్ధముగ కూర్చినది కొనుట మేలా? విడిగా కొన్నచో ప్రతి భాగమును ఎంచుకొనవచ్చును. కాని చోడవరమునుండి కొనుగోలుకు అనకాపల్లికో విశాఖపట్టణమునకో పోవలసినవాడు, ఏదైన చెడినప్పుడు "తప్పు బోర్డుదా, ర్యామ్‌దా, పవర్ సప్లైదా" అని నలుగురు వర్తకుల నడుమ తిరుగవలసివచ్చును. సిద్ధమైన యంత్రమునకు ఒకే బిల్లు, ఒకే పూచీ. తొలిసారి కొను ఇంటికి ఇదియే క్షేమము. అయితే కన్ను తెరచి కొనవలెను.

బెల్లము సీమవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. దిమ్మ తెల్లగా మెరసిన బెల్లమంతయు మేలైనది కాదు. హైడ్రోసు వేసి రంగు తెప్పించినదియు ఉండును. ఎరిగినవాడు రంగు చూడడు, ముక్క విరిచి రుచి చూచును. కంప్యూటరు పెట్టె లోపల వెలుగు రంగురంగుల దీపములును అట్టివే. "ఐ7 గేమింగ్ కంప్యూటరు" అని ప్రకటించిన వెంటనే మురియరాదు. ఐ7 అను పేరు 2008 నుండి ఉన్నది. అంకెలో చివరి మూడు స్థానములు విడిచినచో మిగిలినది తరము: ఐ7-3770 మూడవ తరమునకు చెందినది, 2012 నాటిది, ఐ5-12400 పండ్రెండవ తరమునకు చెందినది, 2022 నాటిది. పేరులో చిన్నదైన ఈ రెండవదే పనిలో పెద్దది. పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి ఉచిత రక్షణ ముగిసినది. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదవ తరమునకు పూర్వపు ప్రాసెసర్లను అంగీకరింపదు. గ్రాఫిక్స్ కార్డు విషయమున కూడ ఇంతే. 2014 నాటి జి.టి. 730 కార్డును పెట్టి ఆటల యంత్రమని అమ్మినచో, అది పేరునకే కార్డు.

కనుక బిల్లు మీద ఇవి వ్రాయించుకొనవలెను: ప్రాసెసరు పూర్తి పేరు, అంకె, గ్రాఫిక్స్ కార్డు పూర్తి పేరు, ర్యామ్ 16 జీబీ, అదియు 8 చొప్పున రెండు ముక్కలుగా, ఏలయన రెండు దారుల రాకపోకలు ఒక దారికంటె వేగము, హార్డ్ డిస్కు కాక ఎస్ఎస్‌డీ, పవర్ సప్లై తయారుచేసిన సంస్థ పేరు. ఈ చివరి దానియందే పొదుపు చేయు అమ్మకపుదారులు ఉందురు. అది చెడినచో తక్కిన భాగములకును ముప్పు. కరెంటు పోవు ఊళ్లలో యూపీఎస్ విలాసము కాదు. మానిటరు, కీబోర్డు, యూపీఎస్ ధరలను మొదటనే కలిపి చూచుకొనవలెను. లేనిచో 50,000 అని బయలుదేరినది ఎక్కడికో పోవును. అంత సొమ్ము లేనివారు రైజెన్ 5 5600జి వంటి, గ్రాఫిక్స్ తనలోనే గల ప్రాసెసరుతో మొదలుపెట్టి, తేలిక ఆటలతో తృప్తిపడి, రెండేండ్లకు కార్డు చేర్చుకొనవచ్చును. అంచెలంచెలుగా పెంచుకొను ఈ వీలు కన్సోలులో లేదు.

చివరగా, కొనుటతో బాధ్యత తీరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుండి అమలుపరచిన రోగముల పట్టికలో ఆటల వ్యసనమునకు కూడ చోటిచ్చినది. సొమ్ము పణముగ పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు మన పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టము చేసినది. ఈ విపత్తులు కన్సోలుకును కంప్యూటరుకును కూడ పొంచియున్నవే. యంత్రమును పడకగదిలో గాక అందరు తిరుగు చోట నుంచుట, ఆటకు వేళ నిర్ణయించుట, ఆ వేళను పెద్దలు కూడ గౌరవించుట—ఇవి వారంటీ పత్రములో ఉండవు. 250 వాట్ల యంత్రము నాలుగు గంటలు నడచినచో ఒక యూనిట్ విద్యుత్తు. ఆ లెక్కను పిల్లవానిచేతనే కట్టించి, నెల బిల్లు వానికే చూపుడు. భౌతికశాస్త్రములో ఒక పాఠము వచ్చినట్లును ఉండును, ఇంటి బరువు తెలిసినట్లును ఉండును.

టెలివిజను ముందు వారమునకు రెండు గంటలు హాయిగా ఆడుకొనుటయే కోరిక అయి, ఇంట చదువుకు వేరే కంప్యూటరు ఉన్నచో, కన్సోలు కొనుటలో దోషము లేదు. కాని ఒక్క యంత్రమే కొనగల ఇంటివారు, ఆడుటతో ఆగిపోవునది గాక, ఆడుచునే వ్రాయుటకు, గీయుటకు, లెక్కించుటకు, నిర్మించుటకు వీలిచ్చునది ఎన్నుకొనుట ఉచితము. చిత్రకాంతి కొంత తగ్గవచ్చును. ఆ తగ్గిన కాంతికి బదులుగా పిల్లవాని చేతికి ఒక తాళపుచెవి వచ్చును.