బ్రహ్మ కోడి: పేరు ఒకటి, పుట్టుక ఒకటి

హైదరాబాదు నడిబొడ్డున అమీర్‌పేట నుండి పంజగుట్టకు మెట్రో రైలులో ఒక్క స్టేషను దూరము. ఈ రెండు పేర్లను విడదీసి చూడండి. పేట, గుట్ట మన మాటలు. అమీరు, పంజా అనేవి ఉర్దూలో నుండి వచ్చినవి. అమీరు అనగా ప్రభువు. పంజా అనగా ఐదు వేళ్ళు చాచిన చేయి. అయితే ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసిన బోర్డును చూచి, మొదటి అక్షరమును ‘పు’ అని చదివిన కుర్రవాడు, ఇది ‘పుంజుగుట్ట’ కాబోలు, ఒకప్పుడిక్కడ కోడిపుంజులు ఉండేవి కాబోలు అనుకొంటే ఆశ్చర్యము లేదు. చెవికి తోచే అర్థము వేరు, పేరు పుట్టిన తీరు వేరు.

ఇటువంటి చిక్కే కోళ్ళలో ఒకటున్నది. లోకములోని మిక్కిలి పెద్ద కోడిజాతులలో ఒకదాని పేరు ‘బ్రహ్మ’. దీని పుంజు సుమారు ఐదున్నర కిలోలు, పెట్ట నాలుగు కిలోలకు పైగా తూగుతుంది. పెంపుడు కోళ్ళన్నింటికి మూలమైన ఎర్ర అడవికోడిలో పుంజు బరువు సుమారు ఒక కిలో మాత్రమే. బ్రహ్మ కోడికి కాలివేళ్ళ వరకు ఈకలుంటాయి. పేరు వినగానే మనకు చతుర్ముఖుడు గుర్తుకు వస్తాడు. కాని ఆయనకు వాహనము హంస. ఈ కోడితో ఆయనకు ఏ సంబంధమును లేదు.

మరి పేరెట్లా వచ్చినది? 19వ శతాబ్ది నడుమ, చైనాలోని షాంఘై రేవు నుండి పెద్ద పెద్ద కోళ్ళు ఓడలలో అమెరికా చేరినవి. 1849లో బోస్టను నగరములో గొప్ప కోళ్ళ ప్రదర్శన జరిగినది. ఆ తరువాత కోళ్ళకై జనము ఎగబడిన తీరును చూచి, దానికి ‘కోడిజ్వరము’ అని పేరు పెట్టారు. ఒకే రకపు కోడిని ఒక్కొక్క వర్తకుడు ఒక్కొక్క పేరుతో అమ్మసాగాడు. దూరదేశపు పేరు తగిలిస్తే ధర పెరిగేది. అందులో ఒక పేరు మన బ్రహ్మపుత్ర నదిది. జార్జి బర్నహామ్ అనే వర్తకుడు 1852లో విక్టోరియా రాణికి తొమ్మిది కోళ్ళను కానుకగా పంపాడు. వాటిని ఆయన బూడిదరంగు షాంఘై కోళ్ళనే అన్నాడు. చివరకు నిలిచినది మాత్రము బ్రహ్మపుత్ర పేరే. నోటికి పొడవుగా ఉన్నందున అది ‘బ్రహ్మ’గా కురచబడినది. కొడుకు పోయి తండ్రి మిగిలాడన్నమాట!

‘కొచ్చిన్’ అనే మరో భారీ కోడికథ కూడ ఇట్లే ఉంటుంది. అది కేరళలోని కొచ్చి కోడి కాదు. అదీ చైనా నుండి వచ్చినదే. నేటి వియత్నాం దక్షిణభాగమును ఆనాడు కొచ్చిన్-చైనా అనేవారు. ఆ పేరు దీనికి అంటుకొన్నది.

పేరు సాక్ష్యము చెప్పలేనప్పుడు శరీరమును అడగాలి. కొచ్చిన్ కోడి తలమీది ఎర్రని కండజుట్టు రంపపు పళ్ళవలె ఒంటిపొరగా నిలిచి ఉంటుంది. బ్రహ్మ కోడి జుట్టు అట్లా కాదు: పొట్టిగా, మూడు వరుసల గట్లుగా, తలకు అతుక్కొని ఉంటుంది. దీనిని బఠాణీజుట్టు అంటారు. చైనా కోళ్ళకు, నేటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ ప్రాంతపు కోళ్ళకు అమెరికాలో జరిగిన సంకరము వల్ల బ్రహ్మ జాతి ఏర్పడి ఉంటుందని నిపుణులు భావించడానికి ఈ జుట్టు ఒక ముఖ్యమైన ఆధారము.

బఠాణీజుట్టుకు శాస్త్రచరిత్రలో కూడ చోటున్నది. మెండెల్ బఠాణీ మొక్కలలో కనుగొన్న సూత్రాలు జంతువులకును వర్తిస్తాయని బేట్సన్ 1902లో కోళ్ళ ద్వారా చూపాడు. మేలిమి బఠాణీజుట్టు కోడిని, ఒంటిజుట్టు కోడిని జతపరచితే పిల్లలన్నింటికి బఠాణీజుట్టే వస్తుంది. ఆ పిల్లలను తమలో తాము జతపరచితే, తరువాతి తరములో సగటున మూడింటికి బఠాణీజుట్టు, ఒకదానికి ఒంటిజుట్టు వస్తాయి. సాక్స్-5 అనే జన్యువులోని ఒక ముక్క అనేకసార్లు పునరావృతమగుటయే ఈ జుట్టుకు కారణమని 2009లో తేలినది.

ఇదే బఠాణీజుట్టు మన ఆంధ్రప్రాంతపు అసీలు కోడికీ ఉన్నది. పందెపు పుంజుగా పేరు మోసిన ఈ కోడి పేరులో మోసము లేదు. అసీల్ అనగా అరబ్బీలో మేలిమి వంశములో పుట్టినది. మనము రోజూ పలికే ‘అసలు’ అనే మాటదీ అదే ధాతువు!

పేరును నమ్మితే నష్టమేమిటి? బ్రహ్మ అన్నారు గనుక ఇది మన దేశపు కోడి, మన వాతావరణమునకు తగినది అని ఎవరైనా అమీర్‌పేటలోని తన మేడమీద పెంచబోవచ్చు. కోడికి చెమటగ్రంథులు లేవు. ఒంటి వేడిని అది నోరు తెరచి రొప్పుట ద్వారా, జుట్టు, లోలకులు, కాళ్ళ ద్వారా పోగొట్టుకొంటుంది. బ్రహ్మ కోడికి జుట్టు చిన్నది, కాళ్ళు ఈకలతో కప్పబడినవి, దేహము పెద్దది. బరువుతో పోల్చితే పెద్ద దేహమునకు ఉపరితలము తక్కువ. కాబట్టి వేడి మెల్లగా పోతుంది. బోస్టను మంచులో వరమైన ఈ లక్షణాలే హైదరాబాదు మే నెల ఎండలో దానికి ప్రాణాంతకము కాగలవు. నీడ, గాలి, చల్లని నీరు ఏర్పరచలేని వారు దానిని తేకపోవుటే మేలు.

ఉపాధ్యాయులు ఈసారి మెండెల్ పాఠము చెప్పేటప్పుడు, విద్యార్థులను తమ వీధిలోని కోళ్ళ జుట్లను చూచి బొమ్మ గీయమనవచ్చు. ఎన్నింటికి ఒంటిజుట్టు, ఎన్నింటికి బఠాణీజుట్టు ఉన్నవో లెక్కించమనవచ్చు. కోడి పేరును యజమానిని అడిగి తెలుసుకొనవచ్చును. దాని పుట్టుకను మాత్రము కోడినే అడగాలి.