పొదుపునకు మొదటి మెట్టు తూకము

ఇల్లు నడుపుటలో గృహిణికి గల నేర్పు అంగడిలోని బేరముకంటె వంటయింటి లెక్కలో ఎక్కువగా తెలియవచ్చును. బేరమాడి పది రూపాయలు తగ్గించి తెచ్చిన కందిపప్పు పురుగుపట్టి పాఱవేయబడినచో, ఆ పదితోబాటు అసలును పోయినట్లే. ధర, తూకము, నిలువ ఈ మూడును తెలిసి కొన్ననే పొదుపు. వీనిలో తూకమునే మనము తఱచు మఱచుచున్నాము గావున దానినే ముందుగా మనవి చేయుదును.

తూకము

మన అమ్మమ్మల కాలమున నలుబది పలములు వీశె యనియు, ఎనిమిది వీశెలు మణుగనియు, రెండు సోలలు తవ్వ యనియు, రెండు తవ్వలు మానిక యనియు, చదువురాని యిల్లాండ్రు సైతము నోటిలెక్కగా చెప్పెడివారు. 1956 నాటి చట్టముతో మెట్రిక్కు కొలతలు వచ్చి కిలోగ్రాము, లీటరు క్రమముగా స్థిరపడినవి. లెక్క సులువైనది, కాని సరకులు ప్యాకెట్లలోనికి చేరిన పిమ్మట తూకము చూచు అలవాటే తగ్గినది.

ఒక ఉదాహరణము చూడుడు. ఏదో యొక పప్పు 200 గ్రాముల ప్యాకెట్టు 34 రూపాయలు, 500 గ్రాములది 80 రూపాయలు అనుకొందము. మొదటిదాని లెక్కను కిలో 170 రూపాయలు, రెండవదాని లెక్కను 160. దీనినిబట్టి పెద్ద ప్యాకెట్టే యెప్పుడును చౌక యని నమ్మరాదు. అదే పప్పు కిలో ప్యాకెట్టు 165 రూపాయలకు అమ్మబడుచున్నచో, రెండు అరకిలో ప్యాకెట్లు కొనుటయే లాభము. ఈ భాగహారపు శ్రమ తగ్గించుటకే 2021లో ప్యాకెట్టు సరకుల నిబంధనలను సవరించి, గ్రామునకో, కిలోకో, లీటరునకో ధర యెంతయో ప్యాకెట్టుమీద ముద్రింపవలెనని ప్రభుత్వమువారు విధించిరి. అక్షరములు చిన్నవే, అయినను కొనుటకు ముందు చూడదగినది ఆ పంక్తియే.

నూనె విషయమున మఱింత జాగ్రత్త కావలెను. వేరుసెనగనూనె గాని, పొద్దుతిరుగుడునూనె గాని, లీటరు సుమారు 910 గ్రాములు తూగును. కొంచెము తక్కువ సరకుగల ప్యాకెట్టును లీటరు ప్యాకెట్టు ప్రక్కన నిలిపినచో రెండును ఒక్క తీరుననే కనబడును. లోపలి పరిమాణము చదివినగాని ఏది చౌకయో తేలదు.

మిఠాయిని అట్టపెట్టెతో సహా తూచుచుండుట మనమందఱము చూచినదే. పెట్టె 80 గ్రాములు, మిఠాయి కిలో 600 రూపాయలు అనుకొన్నచో, అట్టముక్కకు మనము 48 రూపాయలు చెల్లించినట్లగును. పెట్టె బరువు తీసివేసి తూచుమని మర్యాదగా అడుగుడు. తూచుటకు ముందు తూకపు యంత్రము సున్న చూపుచున్నదా యని కనిపెట్టుడు. వంటగ్యాసు పెద్ద సిలిండరులో గ్యాసు 14.2 కిలోలు ఉండవలెను. ఖాళీ సిలిండరు బరువు దానిమీదనే గుర్తింపబడి యుండును. రెండును కలిపి యెంతయగునో అంత తూగవలెను. ఇంటికి తెచ్చినవానిని తూచి చూపుమనుట మన హక్కు.

ప్యాకెట్టుపై ముద్రించిన గరిష్ఠ ధరలో పన్నులన్నియు చేరియే యుండును. అంతకు మించి అడిగినను, తూకము తగ్గినను, 1915 అను సంఖ్యకు ఫోను చేసి వినియోగదారుల సహాయ కేంద్రమువారికి చెప్పుకొనవచ్చును.

కాలము

చింతపండు, మిరపకాయలు, పసుపు మాఘ ఫాల్గుణములనుండి చైత్రమువఱకు కొత్తపంటగా వచ్చును. గుంటూరున మిరపకాయలును, దుగ్గిరాల, నిజామాబాదులలో పసుపును రాశులుగా దిగు దినములవి. సంవత్సరపు సరకు కొనువారు అప్పుడు కొనుట మేలు. చింతపండును గింజలు, ఈనెలు తీసి, ఎండబెట్టి, ఉప్పు చేర్చి జాడీలో అదిమి పెట్టవలెను. కందిపప్పునకు కొంచెము ఆముదము పట్టించి నిలువచేయుట మన పెద్దల పద్ధతి. ఎండబెట్టిన దేదైనను పూర్తిగా చల్లారిన తరువాతనే డబ్బాలో పోయవలెను. వేడిగా పోసినచో చెమ్మ పుట్టి పాడగును.

అయితే అప్పుచేసి సంవత్సరపు సరకు కొనుట పొదుపు కాదు. వడ్డీ ఆ లాభమును తినివేయును. ఎండ తగులని అద్దెయిండ్లలో నున్నవారు రెండు మూడు నెలలకు సరిపడునంత కొనుటయే మంచిది. ఇరుగుపొరుగున నాలుగిండ్లవారు కలసి ఒక బస్తా తెచ్చి పంచుకొన్నచో టోకుధర లాభము దక్కును, నిలువ భయమును ఉండదు.

లెక్క

సరకుల జాబితా ఇంటనే, డబ్బాలు తెఱచి చూచి వ్రాయవలెను. ‘ఒకటి కొన్నచో ఒకటి ఉచితము’ అను ప్రకటన కనబడినప్పుడు, ఆ రెండవది మన జాబితాలో నున్నదా యని చూడుడు. ఫోనులో సరకు తెప్పించుకొనువారు వస్తువు ధరకు తెచ్చి యిచ్చు రుసుమును కూడ కలిపి లెక్కింపవలెను. కొట్టులో ఖాతా పెట్టుకొన్నవారు ఏనాటి పద్దు ఆనాడే తమ పుస్తకమునందును వ్రాసికొనవలెను. నెలాఖరున రెండు పుస్తకములును సరిపోల్చినచో తగవునకు తావుండదు.

మిగిలిన డబ్బును పోపులపెట్టెలో దాచుట మన యిండ్ల ఆచారము. 2016 నవంబరు 8వ తేదీన 500, 1000 రూపాయల నోట్లు రద్దయినప్పుడు, ఆ రహస్యపు నిలువలను ఎందఱో ఇల్లాండ్రు బయటపెట్టవలసి వచ్చెను. అత్యవసరమునకు కొంత ఇంట నుంచుకొని, తక్కినది బ్యాంకులోనో, పోస్టాఫీసులోనో తమ పేర ఖాతా తెఱచి వేసికొనుట యుక్తము.

కంచము

సోదరీమణులారా, ఇక ముఖ్యమైన మాట. లెక్క తప్పిన నెలలో లోటు ఎవరి కంచమున పడుచున్నది? పిల్లలకు పాలు తగ్గవు, పెద్దలకు కూర తగ్గదు. అందఱు తిన్న పిమ్మట మిగిలిన చాఱునీళ్లతో భోజనము ముగించు నామెయే ఆ లోటును మోయుచున్నది. ఆ త్యాగమును మనము పొదుపని మెచ్చుకొనుచున్నాము. కాని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్లలోపు వయస్సుగల భారత స్త్రీలలో నూటికి 57 గురకు రక్తహీనత కలదని తేలినది. తెలుగునాట రెండు రాష్ట్రములలోను ఈ సంఖ్య అంతకంటె తక్కువ కాదు. దీనికి కారణములు పెక్కు కలవు. చాలీచాలని ఆహారము వానిలో నొకటి. నీరసించిన తల్లి మంచమెక్కినచో వైద్యునికి, మందులకు పెట్టు వ్యయము ఏండ్ల తరబడి మిగిల్చిన పప్పు ఉప్పుల డబ్బును మించిపోవును.

కావున జాబితాలో మొదట వ్రాయవలసినది ఇంటిల్లిపాదికి, తమకును గూడ, కావలసిన పప్పు, ఆకుకూరలు, పాలు. తోటకూర పప్పులో నిమ్మరసము పిండుకొన్నచో అందలి ఇనుము ఒంటికి బాగుగ పట్టును. భోజనమైన వెంటనే కాఫీ, టీలు త్రాగుట దానికి అడ్డు. ఇందులకు పెద్ద వ్యయమేమియు లేదు. అట్టపెట్టెకు పోవు 48 రూపాయలు మిగిలినను ఇంటివారందఱకును ఒకపూట ఆకుకూర వచ్చును.

ఈ నెల సరకులు తెచ్చినప్పుడు బియ్యము, పప్పు, నూనె, చక్కెర, కాఫీపొడి ఈ ఐదింటికి కిలో ధరయో, లీటరు ధరయో లెక్కగట్టి పుస్తకమున వ్రాసి యుంచుడు. వచ్చు నెల మఱియొక కొట్టు ధరతో పోల్చి చూడుడు. మిగిలినదానిలో మొదటి భాగము మీ కంచమునకు చెందవలెను.