తీర్పు తరువాతి కర్తవ్యము

వివాహమున రెండు అంశములు కలవు. ఇరువురి నడుమ గల అనురాగము మొదటిది. ఆ అనురాగమును గుర్తించి ప్రభుత్వము కల్పించు రక్షణ రెండవది. మొదటిదానికి ఎవరి అనుమతియు అక్కరలేదు. రెండవదానికి చట్టము కావలెను. ఒకే లింగమునకు చెందిన జంటలు మన దేశమున కోరుచున్నది ఈ రెండవదానినే.

వారి కోర్కె సుప్రీంకోర్టునకు చేరిన కథలో హైదరాబాదునకు స్థానము కలదు. 2022 నవంబరులో అర్జీ పెట్టిన తొలివారిలో ఆ నగరవాసులైన ఇరువురు పురుషులుండిరి. స్వలింగ సంపర్కము నేరము కాదని అదే కోర్టు 2018లో చెప్పియుండెను. కులమతభేదము లేక పెండ్లాడుటకు వీలు కల్పించిన 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమును తమకును వర్తింపజేయవలెనని వారు వేడిరి. మరికొందరి అర్జీలును దీనితో చేరినవి. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పది దినములు వాదములు విని, 2023 అక్టోబరు 17వ తేదీన తీర్పు చెప్పెను. వివాహమాడుట రాజ్యాంగము ప్రసాదించిన ప్రాథమిక హక్కు కాదనుటలో ఐదుగురును ఏకీభవించిరి. స్త్రీ, పురుషుడు అను పదములతో అల్లబడిన చట్టమును తిరిగి వ్రాయుట చట్టసభల పని యనిరి. వివాహమనకపోయినను ఇట్టి కలయికకు గుర్తింపు పొందు హక్కు కలదని ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ అభిప్రాయపడగా, తక్కిన మువ్వురు అంగీకరింపరైరి. పునర్విచారణ కోరిన అర్జీలను 2025 జనవరి 9వ తేదీన కోర్టు త్రోసివేసెను.

ఈ నిరాకరణము నిత్యజీవితమున అడుగడుగున తగులును. ఇరువది సంవత్సరములు ఒకే యింట బ్రదికిన ఇరువురు హిందువులలో ఒకరు వీలునామా వ్రాయక మరణించిరనుకొందము. హిందూ వారసత్వ చట్టము దృష్టిలో రెండవవారు పరాయివారు. ఎన్నడును గడప త్రొక్కని దూరబంధువు సైతము వారికంటె ముందు నిలుచును. ప్రభుత్వోద్యోగి మరణానంతరము భార్యకో భర్తకో లభించు కుటుంబ పింఛను వారికి లేదు. ఇరువురును కలిసి ఒక బిడ్డను దత్తు తీసికొనుటకును వీలు లేదు. ఇట్టి జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరచుటకును, ఒకరినొకరు నామినీగా చూపుకొనుటకును ఆటంకము లేదని 2024 ఆగస్టులో కేంద్రప్రభుత్వము వివరణ నిచ్చినది. ఇది సంతోషింపదగినదే. అయినను సొమ్ము అందుకొను నామినీ వేరు, ఆ సొమ్ముపై హక్కుగల వారసుడు వేరు.

న్యాయస్థానము కాదన్నంతనే దారి మూసికొనిపోవునా? చరిత్ర అట్లు చెప్పుట లేదు. తమిళదేశమున ఆత్మగౌరవోద్యమ కాలమున అనేక జంటలు పురోహితుడు లేకయే, పెద్దల యెదుట దండలు మార్చుకొని పెండ్లాడిరి. అట్టి వివాహము చెల్లదని 1953లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పెను. కోర్టు ఈయలేకపోయిన దానిని చట్టసభ యిచ్చెను. 1967లో అణ్ణాదురై ప్రభుత్వము హిందూ వివాహ చట్టమునకు 7-ఏ సెక్షనును చేర్చి, పూర్వము జరిగిన అట్టి పెండ్లిండ్లను సైతము చెల్లునట్లు చేసెను. థాయిలాండులోను ఇట్లే జరిగినది. వివాహమును స్త్రీపురుషులకే పరిమితము చేసిన చట్టము సక్రమమేయని 2021లో అచ్చటి రాజ్యాంగ న్యాయస్థానము పలికెను. 2024లో పార్లమెంటు ఆ చట్టమునే మార్చెను. 2025 జనవరి 23 నుండి అచ్చట స్వలింగ జంటల వివాహములు రిజిస్టరగుచున్నవి.

ఇది మన సంప్రదాయమునకు విరుద్ధమని కొందరి ఆక్షేపణ. వారి మనస్సును నొప్పింపవలసిన పని లేదు. ధర్మాసనము మతధర్మముల జోలికి పోక, విచారణను ప్రత్యేక వివాహ చట్టమునకే పరిమితము చేసినది. ఏ ఆలయమును, ఏ చర్చిని, ఏ మసీదును తన విధిని మార్చుకొమ్మని ఇచ్చట అడుగుట లేదు. అడుగుచున్నది రిజిస్ట్రారు పుస్తకమున రెండు సంతకములకు చోటు. ఆ చోటు లభించినంత మాత్రమున మరియొకరి కాపురమునకు కలుగు లోటేమి?

అయితే ఒక భేదము కలదు. ఆత్మగౌరవ వివాహముల వెనుక ఒక మహోద్యమపు జనబలముండెను. వీరు కొలదిమంది. పెక్కురు తలిదండ్రులకు సైతము చెప్పుకొనలేక బ్రదుకుచున్నవారు. ఓట్ల లెక్కకు చాలని వారి మాట చట్టసభ చెవికి సోకవలెనన్న, వారు కాని వారును పలుకవలెను. ప్రజాభిప్రాయము ఒక్కనాట పుట్టునది గాదు. అది యింట, వీధిలో, ముఖ్యముగా పాఠశాలలో రూపుదిద్దుకొనును. నేటి విద్యార్థియే రేపటి ఓటరు, రేపటి శాసనసభ్యుడు.

తరగతిలో ఒక బాలుని నడకను, మాటతీరును చూచి తోటివారు గేలిసేయునపుడు, విననట్లు నల్లబల్లవైపు తిరిగిన ఉపాధ్యాయుడు తెలియకయే ఒక తీర్పు చెప్పుచున్నాడు. పాఠము నిలిపి, ఆ నవ్వు తప్పని చెప్పినవాడును తీర్పే చెప్పుచున్నాడు. పార్లమెంటు ఎప్పుడు కదలునో మన చేతిలో లేదు. ఈ రెండవ తీర్పు మాత్రము రేపటి ఉదయము మొదటి గంటలోనే చెప్పవచ్చును.