ఒకే ముగ్గు - మూడు వాకిళ్ళు

మన సంక్రాంతి సంబరాల్లో ప్రతి ఏడూ ఎవరో ఒక పిన్నిగారు పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏమ్మా, నువ్వేం చేస్తుంటావు?" "మూసలు అమ్ముతుంటానండీ" అంటాను. "మూసలా? బంగారం పనా?" అంటూ ఆవిడ నా మెడ వంకా, చేతుల వంకా చూస్తారు. అక్కడ అంత బంగారమేమీ కనబడక మరింత అయోమయంలో పడతారు. ఆ పిన్నిగార్లందరికీ కలిపి ఒకేసారి సమాధానం చెప్పేద్దామని ఈ వ్యాసం.

నేను అమ్మేవి వెబ్‌సైట్ టెంప్లేట్లు. బేకరీ పెట్టుకున్న ఆవిడకో, యోగా నేర్పే ఆయనకో ఒక వెబ్‌సైటు కావాలి. మొదటినుంచీ కట్టించుకోవాలంటే వేల డాలర్లు అవుతుంది. అందుకని పేజీలు, రంగులు, అక్షరాలు, బొమ్మలుండే చోట్లు ముందే అమర్చిపెట్టిన రూపాన్ని తక్కువ ధరకు కొనుక్కుని, అందులో తమ పేరూ ఫొటోలూ పెట్టుకుంటారు. ఒకసారి తయారుచేస్తే వందమందికి అమ్మవచ్చు. వినడానికి కూర్చుని తినే వ్యాపారంలా ఉంటుంది. అసలు సంగతి వేరు!

నేను హెచ్-4 వీసా మీద 2009లో ఈ దేశం వచ్చాను. హైదరాబాదులో డిజైనర్‌గా ఉద్యోగం చేసిన దాన్ని ఇక్కడ ఆరేళ్ళు ఖాళీగా కూర్చున్నాను. 2015 మే నెలలో, గ్రీన్‌కార్డు దారిలో కొంతదూరం నడిచిన హెచ్-1 వారి భార్యాభర్తలు పనిచేయడానికి అనుమతి కార్డు తీసుకోవచ్చన్న నియమం అమలులోకి వచ్చింది. కార్డు చేతికొచ్చిన రోజు దాన్ని దేవుడి దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకున్నానంటే నమ్మండి. మరుసటి ఏడు నా మొదటి టెంప్లేటు 49 డాలర్లకు అమ్ముడుపోయింది. "కొన్నది మీ తమ్ముడు కాదు గదా?" అన్నారు మావారు.

అది వర్డ్‌ప్రెస్ టెంప్లేటు. 2003లో పుట్టిన ఈ వర్డ్‌ప్రెస్ జి.పి.ఎల్. అనే లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతుంది. దాని ధర్మం విచిత్రమైనది. కొన్నవారు మన కోడ్‌ను మార్చుకోవచ్చు, పక్కవారికి ఇవ్వనూవచ్చు. "మరి నువ్వు అమ్మేదేమిటి?" అని మావారి రెండో ప్రశ్న. నేను అమ్మేది అప్‌డేట్లు, అడిగినప్పుడు సమాధానం. 2018 డిసెంబరులో పేజీని బ్లాకులుగా పేర్చే కొత్త ఎడిటర్ వచ్చింది. 2022 జనవరిలో సైటు మొత్తాన్నీ బ్లాకులతోనే కట్టే పద్ధతి వచ్చింది. రెండుసార్లూ నా టెంప్లేట్లన్నీ కుట్లు విప్పి మళ్ళీ కుట్టుకున్నాను.

నేను చేసిన తప్పు ఏమిటంటే, సరుకంతా ఒకే అంగడిలో పెట్టాను. 2019లో ఆ అంగడివారు సరుకు వరుస చూపించే పద్ధతి మార్చారు. నెలకు ముప్ఫై అమ్ముడుపోయేవి కాస్తా నాలుగుకు దిగాయి. ఎవరినని ఏం లాభం? వారి అంగడి, వారి ఇష్టం. అప్పుడు తెలిసింది, నాకంటూ ఇంకో వాకిలి ఉండాలని.

వాకిలి అంటే అమ్మమ్మ గుర్తొస్తుంది. పండగ నెలలో అమ్మమ్మ మట్టి వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టేది. అదే ముగ్గును మా పిన్ని సిమెంటు గచ్చు మీద తడి సుద్దముక్కతో వేసేది. అమ్మ హైదరాబాదు అపార్టుమెంటులో నున్నటి రాయి మీద పెయింటుతో దిద్దింది. చుక్కల లెక్క ఒకటే. కాని పిండి జారే తీరు వేరు, చెయ్యి తిరిగే తీరు వేరు. ఒక డిజైన్‌ను మూడు చోట్ల అమ్మడమూ ఇంతే. బొమ్మ ఒక్కటే మనతో వస్తుంది. పని మాత్రం ప్రతిచోటా మొదటికొస్తుంది.

రెండో వాకిలి షాపిఫై. కెనడాలోని ఒట్టావాలో మొదలై 2006 నుంచి నడుస్తున్న ఈ వేదిక దుకాణాల కోసం పుట్టింది. ఇక్కడ కోడ్ రాసే భాష లిక్విడ్. వర్డ్‌ప్రెస్‌లో నేను రాసిన పి.హెచ్.పి. ఒక్క వరుస కూడా ఇక్కడ పనికిరాదు. కొనేవారి చూపూ వేరే. అక్కడ "అందంగా ఉందా?" అని అడిగేవారు, ఇక్కడ "ఫోనులో సరుకు బుట్టలో వేసుకోవడం సులువా?" అని అడుగుతారు.

మూడోది స్క్వేర్‌స్పేస్. ఇక్కడ కోడ్ ఫైళ్ళు అమ్మే పని తక్కువ. ఒక సైటును పూర్తిగా అలంకరించి, దాని నకలు తీసి, కొన్నవారి పేరు మీదకు మార్చి ఇస్తాం. అంటే అలంకరించిన ఇంటి తాళాలు చేతికివ్వడం లాంటిది. కొన్నవారు ఆ తర్వాత ఏ గోడకు ఏ రంగు వేసినా మన చేతిలో ఏమీ ఉండదు!

మూడు వాకిళ్ళూ కుదుటపడ్డాయి, ఇక భయం లేదనుకున్నాను. 2021 మార్చిలో నా అనుమతి కార్డు గడువు తీరింది. కొత్తది వేళకు రాలేదు. "అమ్మకం పనే, అడిగినవారికి సమాధానం చెప్పడమూ పనే, అన్నీ ఆపండి" అన్నారు వకీలుగారు. మూడు దుకాణాలూ ఒకే రాత్రి మూసేశాను. వాకిళ్ళు మూడైనా తాళంచెవి ఒక్కటేనని అప్పుడు గాని తెలియలేదు. ఆ జూన్‌లోనే షాపిఫై తన టెంప్లేట్ల పద్ధతిని పెద్దగా మార్చింది. పోటీదారులంతా పరుగెడుతుంటే నేను వంటింట్లో నిలబడి చూస్తున్నాను. మా అమ్మాయి "నీకు సెలవులా అమ్మా?" అని అడిగితే అవునన్నాను.

ఆగస్టులో కార్డు వచ్చింది. (ఆ నవంబరులో నియమం కొంత సడలింది. గడువులోగా దరఖాస్తు పెట్టిన చాలామంది హెచ్-4 వారికి పాత అనుమతి కొంతకాలం సాగే వీలు కలిగింది. నాకు మాత్రం ఆలస్యమైపోయింది.) దుకాణం తెరవగానే చూస్తే, ఒక బేకరీ ఆవిడ మే నెలలో మదర్స్ డేకి ముందు సహాయం అడుగుతూ ఉత్తరం రాసింది. దాని కిందే ఆవిడదే రెండో ఉత్తరం. "ఫరవాలేదు, మీరిచ్చిన పుస్తకం చూసి నేనే సరిచేసుకున్నాను" అని. ప్రతి టెంప్లేటుతోనూ ఎలా వాడాలో బొమ్మలతో ఒక చిన్న పుస్తకం రాసి ఇవ్వడం నా అలవాటు. నేను లేని అయిదు నెలలూ నా మాట నిలబెట్టింది ఆ పుస్తకమే. ఆ రోజు కాస్త ఏడ్చాను, దాచడమెందుకు!

మరో చిన్న సంగతి. మన సంఘం వెబ్‌సైటు తయారుచేస్తూ నా టెంప్లేటులో తెలుగు పెట్టి చూశాను. వత్తులన్నీ తెగిపోయాయి! ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే వరుసల ఎడం మన అక్షరానికి చాలదు. పైన గుడి, కింద వత్తు, రెంటికీ చోటు కావాలి గదా. సిలికానాంధ్ర వారి చొరవతో వెలువడిన మండలి, రామభద్ర వంటి ఫాంట్లు గూగుల్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఎడం పెంచి మండలి పెట్టాక "సంక్రాంతి శుభాకాంక్షలు" చక్కగా కూర్చుంది. అప్పటినుంచీ నా టెంప్లేట్లన్నిటిలో ఆ ఎడం అలాగే ఉంచుతున్నాను. కొనేవారికి కారణం తెలియదు, కాని "చదవడానికి హాయిగా ఉంది" అంటుంటారు.

ఈ పనిలోకి రావాలనుకునే చెల్లెళ్ళకు నా మాట: ఒక వాకిట్లో చెయ్యి కుదిరాకే రెండోదానికి వెళ్ళండి. కొన్నవారి చేతికి మీ పుస్తకం ఇవ్వండి. కాగితాల గడువు తేదీని గోడ క్యాలెండరు మీద ఎర్రసిరాతో రాసుకోండి.

పిన్నిగారూ, అదండీ నేను చేసే పని. వచ్చే ఏడు మీరు పులిహోర తింటూ ఉండండి, ముగ్గు నేను పెడతాను. అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు!