మడికి జింకు వేస్తాం.. మరి మన కంచానికో?

హుజూర్‌నగర్: సాగర్ ఎడమ కాల్వ కింద వరి వేసే రైతు సోదరులకు జింకు లోపం కొత్త సంగతేమీ కాదు. నాటు వేసిన రెండు నుంచి ఆరు వారాల మధ్య, పైనుంచి మూడో, నాలుగో ఆకు మీద తుప్పు రంగు మచ్చలు పడతాయి. ఆకు పెళుసెక్కుతుంది. పైరు గిడసబారుతుంది. మీరు వెంటనే జింకు సల్ఫేటు తెచ్చి పిచికారీ చేస్తారు. అదే ఇంట్లో ఆడపిల్ల దువ్వెన నిండా వెంట్రుకలు చూసుకుని దిగులు పడితే మాత్రం నూనె సీసా మీద సీసా మారుస్తారు. కంచం వైపు చూడరు.

వరిలో వచ్చే 'ఖైరా'కు జింకు లోపమే కారణమని 1966లో పంత్‌నగర్‌లో డాక్టర్ వై.ఎల్. నేనె తేల్చారు. మనిషి ఎదుగుదలకూ జింకు కావాలని 1960ల మొదట్లో డాక్టర్ ఆనంద ప్రసాద్ చూపారు. ఇరాన్, ఈజిప్టు పల్లెల్లో గిడసబారిన యువకులను పరీక్షించి ఆయన ఈ సంగతి చెప్పారు.

జుట్టుకు జింకు ఎందుకు?

వెంట్రుక కుదురులో కణాలు చాలా వేగంగా పెరుగుతాయి. వాటికి మాంసకృత్తులు, ఇనుము, జింకు కావాలి. ఇవి బాగా తగ్గితే జుట్టు రాలుతుంది. ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించేది రక్తహీనత, అంటే ఇనుము లోపం. అయితే జుట్టు రాలిన ప్రతిసారీ లోపమే అనుకోరాదు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. గట్టి జ్వరం వచ్చిన తర్వాత, కాన్పు తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు ఊడి, మళ్లీ దానంతటదే వస్తుంది. మగవారికి వంశపారంపర్యంగా వచ్చే బట్టతల జింకుతో పోదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం రోజుకు మగవారికి 17, ఆడవారికి సుమారు 13 మిల్లీగ్రాముల జింకు అవసరం. కిలో తెల్ల బియ్యంలో ఉండేది 14 మిల్లీగ్రాములు అటూ ఇటూ. అంటే రోజుకు అర కిలో బియ్యం వండుకు తిన్నా అందేది 7 మిల్లీగ్రాములే. మిగతాది పప్పు, గుడ్డు, మాంసం, పల్లీలు, నువ్వులు, జొన్న, సజ్జల నుంచి రావాలి. పెసలు, శనగలు నానబెట్టి మొలకెత్తించి తింటే జింకు ఒంటికి బాగా పడుతుంది.

ఎక్కువైనా ముప్పే

2024 డిసెంబరు, 2025 జనవరిలో మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లా శేగావ్ ప్రాంతపు పల్లెల్లో పలువురికి రోజుల వ్యవధిలోనే జుట్టు ఊడిపోయింది. వారి రక్తంలో సెలీనియం అనే మరో సూక్ష్మ పోషకం ఎక్కువగా ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. జింకు బిళ్లలు కూడా అదే పనిగా మింగితే ఒంట్లో రాగి తగ్గుతుంది. కాబట్టి ముందు డాక్టరుకు చూపించి, రక్త పరీక్ష చేయించండి. పొలానికి తెచ్చిన జింకు సల్ఫేటును మాత్రం ఎవరూ నోట్లో వేసుకోరాదు. పిల్లలకు అందకుండా దాచండి.

మడిలో ఏం చేయాలి?

భూసార పరీక్షలో లోపం తేలితే ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయండి. భాస్వరం ఎరువుతో కలపకండి. పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి, ఐదు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. దీంతో పైరు కోలుకుంటుంది గానీ, నేలలో వేసిన జింకు గింజలోకి చేరేది కొంతే.

గింజలోనే జింకు ఎక్కువ ఉండే డీఆర్ఆర్ ధాన్ 45 అనే వరి రకాన్ని రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ రూపొందించింది. 2016లో విడుదలైన ఈ రకంలో, పాలిష్ పట్టాక కూడా కిలో బియ్యానికి 22 మిల్లీగ్రాములకు పైగా జింకు ఉంటుంది. విత్తనం సంగతి గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి చూడండి.

మిల్లుకు పోసే వడ్లు మీ ఇష్టం. ఇంటి తిండికి మాత్రం నాలుగు గుంటలు ఈ రకం వేసి, గట్ల మీద కంది, పెసర చల్లుకోండి. పైరు ఆకు చూసి లోపం చెప్పగల రైతుకు ఇంట్లో వాళ్ల కంచం చూసి చెప్పడం కష్టం కాదు.