బల్లమీది సైన్యము



పోయిన సంవత్సరము ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయాక, మన సంఘములోని ఒక సహోదరి మాత్రము గడప దగ్గరే నిలుచున్నారు. వారిది పలమనేరుకు దగ్గరి పల్లె. రెండు ఆవులు, కొంచెము టమోటా సేద్యము. కొడుకు బెంగుళూరులో ఉద్యోగము.

"అయ్యగారూ, మావోడు పండక్కి వస్తా ఒక అట్టపెట్టె తెచ్చినాడు. దాన్నిండా వేలెడంత సిపాయి బొమ్మలు. ఎంతరా అంటే పదైదు వేలంట! మాకది మూడు నెల్ల పాల దుడ్డు. వాళ్ల నాయన వాటిని పొయ్యిలో పెడతానంటాడు. ఇద్దరికీ మాటల్లేవు. అవి విగ్రహాలా, ఆటబొమ్మలా? ఇంట్లో పెట్టుకోవచ్చునా?"

వెంటనే జవాబు చెప్పుటకు మాకు తెలియలేదు. "అమ్మా, చూడకుండా చెప్పలేము. సాయంత్రము మీ ఇంటికి వస్తాము" అన్నాము. ఆ సాయంత్రము చూచినది, ఆ తరువాత విచారించి తెలుసుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాము. పట్నములో పిల్లలున్న ప్రతి ఇంటికి ఈ ప్రశ్న ఏదో ఒక రూపములో వస్తుంది.

ఇవి ఏమిటి?

ఆ ఇంటి నడిమి గదిలో ఒక బల్ల. దానిమీద థర్మకోలుతో కొండలు, నడుమ వంపులు తిరిగిన దారి, దారి పొడవునా అంగుళమెత్తు సిపాయిలు, గుర్రాలు, ఫిరంగులు. కొలబద్దతో కొలిచి బొమ్మలను జరుపుతారు. పాచికలు వేసి దెబ్బ తగిలినదో లేదో తేలుస్తారు. పందెము లేదు. దీనిని బల్లమీది యుద్ధక్రీడ అంటారు.

ఇది మనకు పూర్తిగా కొత్త కాదు. చదరంగము అసలు పేరు చతురంగము. ఏనుగులు, రథాలు, గుర్రాలు, కాల్బలము అనే నాలుగు అంగాల సైన్యమే ఆ బల్లమీద నిలిచింది. మన రచ్చబండల మీద గీసిన పులిమేకల ఆట కూడా అటువంటిదే. మూడు పులులు ఒక పక్క, పదిహేను మేకలు ఒక పక్క. చింతగింజలూ గులకరాళ్లూ చాలు, పైసా ఖర్చు లేదు.

ప్రష్యా దేశములో రైస్విట్జ్ అనే ప్రభువు 1812లో ఇటువంటి ఆటబల్లను తన రాజుకు సమర్పించాడు. సైనికాధికారియైన ఆయన కుమారుడు 1824లో దాని నియమాలను సవరించి, అధికారుల శిక్షణకు పనికివచ్చేటట్లు చేశాడు. 1893లో ఇంగ్లండులో విలియం బ్రిటన్ సంస్థ లోపల బోలుగా ఉండే సీసపు సిపాయిలను పోతపోసింది. అవి చవకగా దొరికినందున సామాన్యుల ఇండ్లలోకి వచ్చాయి. 1913లో హెచ్.జి.వెల్స్ అనే రచయిత పిల్లల సిపాయి బొమ్మలతో పెద్దలు ఆడుకొనే విధానమును 'లిటిల్ వార్స్' అనే పుస్తకముగా వ్రాశాడు. నిజమైన యుద్ధము ఎంత బుద్ధిహీనమైనదో ఈ చిన్న యుద్ధము ఆడినవారికి బోధపడుతుందని ఆయన ఆశ. ఆ మరుసటి సంవత్సరమే, 1914లో, మొదటి ప్రపంచ యుద్ధము వచ్చింది.

విగ్రహములా?

నిర్గమకాండము 20:4-5లో దేవుడు నిషేధించినది సాగిలపడి పూజించుటకు రూపమును చేసికొనుటను. సొలొమోను మందిరములోని ఇత్తడి సముద్రము క్రింద పండ్రెండు ఎడ్ల రూపాలు ఉన్నాయి (1 రాజులు 7:25). వాటికి ఎవరూ మ్రొక్కలేదు, అవి నీటి భారమును మోశాయి. అయితే మోషే చేయించిన ఇత్తడి సర్పమునకు ప్రజలు ధూపము వేయ మొదలుపెట్టగా, హిజ్కియా దానిని ఛిన్నాభిన్నము చేశాడు (2 రాజులు 18:4). దేవుని ఆజ్ఞతో చేసినదే, ప్రాణాలు కాపాడినదే, అయినను పగిలిపోయింది.

కాబట్టి బొమ్మను మాత్రమే చూచి తీర్పు చెప్పలేము, దాని ముందు మనిషి ఏమి చేస్తున్నాడో కూడా చూడాలి. జీతములో సగము దానికే పోయి, ఆదివారము ఆరాధన మానిపించి, అప్పు చేయిస్తే, మోకరించకపోయినా అది విగ్రహమే. సెల్‌ఫోనైనా, మోటారు సైకిలైనా, పెండ్లి పందిరియైనా ఇదే కొలత.

కొనేటప్పుడు చూడవలసినవి

ఆ యౌవనస్థుని అడిగి, మరికొందరిని విచారించి తెలుసుకొన్న సంగతులు ఇవి. జాతరలో ప్లాస్టిక్ సిపాయిల పొట్లము కొనేవారికి కూడా వీటిలో కొన్ని పనికివస్తాయి.

1. దేనితో చేశారు? ఈ రోజుల్లో ఎక్కువగా ప్లాస్టిక్, రెసిన్, తగరము కలిసిన తెల్ల లోహము వాడుతున్నారు. పాత బొమ్మలలో సీసము ఉంటుంది. బ్రిటన్ సంస్థ 1966 వరకు సీసపు బొమ్మలు చేసింది. సీసము పసిపిల్లల మెదడును చెరుపుతుంది. బరువుగా, బూడిదరంగుగా ఉండి, పైన తెల్లని పొడి లేచిన పాత బొమ్మను పిల్లల చేతికి ఇవ్వకండి. పట్టుకొన్నవారు చేతులు కడుక్కోవాలి.

2. ఏ స్కేలు? రెండు రకాలు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. 1/72 అంటే ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళము అవుతాడు. రెండవది 28 మిల్లీమీటర్ల రకము, కొంచెము పెద్దది. ఒక స్కేలు గుర్రము ప్రక్కన మరొక స్కేలు మనిషి నిలబడడు. ఇది తెలియక కొని నష్టపోయినవారు చాలామంది ఉన్నారు.

3. పోత ఎట్లున్నది? ముఖము, వ్రేళ్లు, కత్తి మొన స్పష్టముగా ఉన్నాయా చూడండి. అచ్చు రెండు సగములు కలిసిన చోట గీత లావుగా ఉంటే అచ్చు అరిగిందని అర్థము. రెసిన్ కత్తి వంగితే పారవేయనక్కరలేదు. వేడినీళ్లలో ముంచి నిదానముగా సరిచేయవచ్చు.

4. పెట్టెలో నిజముగా ఏమున్నది? పైన అట్టమీద రంగురంగుల సైన్యము ఉంటుంది. లోపల చాలా వాటిలో చట్రానికి అంటుకొన్న రంగులేని ముక్కలు ఉంటాయి. వాటిని కత్తిరించాలి, అతికించాలి, ప్రైమరు పూయాలి, రంగు వేయాలి. జిగురు, కుంచెలు, రంగులు, నియమాల పుస్తకము వేరుగా కొనవలసి రావచ్చు. పెట్టె ధరను మాత్రమే లెక్కించినవాడు సగము లెక్కే చేశాడు.

5. ధర ఎందుకింత? విదేశీ బొమ్మలపై దిగుమతి సుంకమును మన ప్రభుత్వము 2020లో 20 శాతము నుండి 60 శాతమునకు, 2023లో 70 శాతమునకు పెంచింది. దీనిని సాకుగా చేసికొని కొందరు అసలు బొమ్మనుండి అచ్చు తీసిన నకళ్లు చవకగా అమ్ముతారు. అది ఒకరి కష్టమును దొంగిలించుటయే; విశ్వాసి కొనతగదు.

6. ముద్ర ఉన్నదా? 14 సంవత్సరముల లోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. రిజిస్టరు చేసికొన్న చేతిపనివారి బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదనే నియమము 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. రంగుల డబ్బామీద వ్రాసినది చదివి కొనండి.

7. ఇంట్లో పసిబిడ్డ ఉన్నదా? అంగుళము బొమ్మ గొంతుకు అడ్డము పడుతుంది. స్ప్రే రంగు ఆరుబయట కొట్టాలి. రెసిన్ అరగదీసేటప్పుడు ముక్కుకు గుడ్డ చాలదు, మంచి మాస్కు కావాలి.

8. ఏమి బొమ్మ? చరిత్రలోని సైన్యాలు ఉన్నాయి. దయ్యాల సేనలు, పుర్రెలు, రక్తపాతముతో నిండిన ఊహాలోకపు సైన్యాలు కూడా ఉన్నాయి. 1983లో ఇంగ్లండులో వచ్చిన 'వార్‌హామర్' అనే ఆట ఇటువంటి ఊహాలోకానిదే. అమ్మకము ఎక్కువని కాదు, నా మనస్సు దేనిమీద గంటలతరబడి నిలుస్తుందని చూచి ఎంచుకోవాలి.

ఈ ఆట నేర్చుకోదలచినవారు అంత ఖర్చుతో మొదలుపెట్టనక్కరలేదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కలో సహజమైన రంగులు కలిపి బొమ్మలు చేస్తారు. ఆ రంగులకు మరల ప్రాణము పోసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మన కోలారు దారినే బెంగుళూరు దాటి మైసూరు రోడ్డు పట్టుకొంటే చన్నపట్న వస్తుంది. అక్కడా లక్కబొమ్మలే. కొండపల్లివారు తేలికైన పొనికి కర్ర చెక్కుతారు. ఇక మన పలమనేరు మట్టిపనికి పేరుపడిన ఊరు. కొండలు, కోటలు, బురుజులు కావాలంటే మన కుమ్మరి ఇచ్చే ముద్ద మట్టి ఏ దిగుమతి సామాను కంటె తక్కువ కాదు.

మొగిలి కనుమలో ఎద్దులు

ఇక ఆ సాయంత్రము సంగతి. బల్లమీది వంపుల దారి ఏదని అడిగాము. "మన మొగిలి గాటే, అయ్యగారూ" అన్నాడు.

1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిస్ ప్రభువు వేలూరు నుండి బయలుదేరి, ఆంబూరు వైపు పోతున్నట్లు టిప్పు సుల్తానును నమ్మించి, చటుక్కున ఉత్తరమునకు తిరిగి, చిత్తూరు మీదుగా మొగిలి కనుమ ఎక్కి మన ప్రాంతపు మెట్టమీదికి వచ్చాడు. మార్చి 21న బెంగుళూరు కోట అతని వశమైంది. ఇప్పుడు మన బస్సులు పోయే దారిలోనే ఆ సైన్యము నడిచింది. మన ఇంటి ముందు ఇంత చరిత్ర జరిగినట్లు ఆ బిడ్డ ఈ ఆటవలననే తెలుసుకొన్నాడట.

"శనివారమొస్తే నా తోటివాళ్లు బారుకు పోతారు. మేము నలుగురం ఈ బల్ల కాడ కూర్చుంటాం. నేను తాగను, అయ్యగారూ. ఈ మాట నాయనకు చెప్పాలని వచ్చినా, వినే దానికి ఆయన రాలే."

తండ్రి వసారాలోనే ఉన్నారు. మేము పిలవగా వచ్చి, చేతులు కట్టుకొని బల్లవైపు చాలాసేపు చూచారు. తరువాత మొదటి మాటగా ఇట్లా అన్నారు: "ఫిరంగి బండ్లు పెట్టినావు. ఎద్దులేవిరా?"

కొడుకు తెల్లబోయాడు. పెట్టెలో ఎద్దులు రాలేదు.

"ఈ గాటులో చిత్తూరుకు బెల్లం తోలినోడిని నేను. తిరిగొచ్చేటప్పుడు ఉత్త బండికే ఎద్దులు నురుగు కక్కేవి. నీ ఫిరంగులు ఎవరు లాగినారు? వాటికి మేతెక్కడ? నీళ్లెక్కడ?"

చరిత్ర ఆ రైతు ప్రక్కనే నిలుస్తుంది. అదే సంవత్సరము మే నెలలో శ్రీరంగపట్నము దాకా వెళ్లిన కారన్‌వాలిస్, యుద్ధములో గెలిచికూడా, మేతలేక ఎద్దులు చచ్చిపోయినందున కోటను కొట్టవలసిన పెద్ద ఫిరంగులను తానే పాడుచేసి వెనుదిరిగాడు. ఈ సంగతి కొడుకు చదివాడు. కాని బల్లమీద పెట్టాలని తోచలేదు. తండ్రి చదవలేదు, అయినను ఆయనకు తెలుసు.

ఆ రాత్రి తండ్రి మట్టి ముద్ద తెచ్చి రెండు ఎద్దులను చేశారు. కొమ్ములు కొంచెము పెద్దవి, స్కేలుకు సరిపోలేదు. ఆ కొడుకు వాటిని తీయలేదు.

కూర్చుండి లెక్కచూచుట

ప్రభువైన యేసు ఒక రాజును గూర్చి చెప్పాడు. ఇరువది వేలమందితో శత్రువు వస్తుండగా, పదివేలమందితో తాను ఎదిరించగలనా అని ఆ రాజు మొదట కూర్చుండి ఆలోచిస్తాడు. కాదని తోస్తే శత్రువు దూరముగా ఉన్నప్పుడే సమాధానము అడుగుతాడు (లూకా 14:31-32). బల్లమీది ఆటలో మంచి ఏదైనా ఉన్నదంటే ఇదే: కూర్చుండబెడుతుంది, లెక్క నేర్పుతుంది.

దానిలోని అపాయము కూడా గ్రంథములో ఉన్నది. గిబియోను కొలను దగ్గర అబ్నేరు, యౌవనులు మన యెదుట ఆడుదురు గాక అన్నట్లు పిలిచాడు, యోవాబు సరేనన్నాడు. ప్రక్కకు పన్నెండుమంది లేచారు. ఇరువది నలుగురూ అక్కడే కూలారు (2 సమూయేలు 2:14-16). బల్లమీద పడిన సిపాయి మరుసటి ఆటకు లేస్తాడు. కనుమలో పడినవాడు, వాని కొరకు ఎదురుచూచిన తల్లి, మేతలేక చచ్చిన ఎద్దు, వీరు లేవలేదు. ఆడేవారికి ఈ మాట చెప్పేవారు ప్రక్కన లేకపోతే, ఎంత మంచి పోతబొమ్మైనా అబద్ధమే నేర్పుతుంది.

తలిదండ్రులారా, పొయ్యిలో వేయకముందు ఒకసారి ఆ బల్ల దగ్గర కూర్చుండండి. ఎంత ఖర్చయినదో, ఎవరితో ఆడుతున్నాడో అడగండి. మీకు తెలిసినది చెప్పండి. యౌవనస్థులారా, కొనేముందు ఇంటి పాలలెక్క గుర్తుచేసికొనండి. ఆ యౌవనస్థుడు ఇప్పుడు నెలకు ఇంతని ఒక హద్దు పెట్టుకొని, అంతే మొత్తము తల్లి చేతికి ఇచ్చిన తరువాతనే బొమ్మలు కొంటున్నాడు. ఆ ఏర్పాటు ఎవరూ చెప్పలేదు, తానే చేసికొన్నాడు.

యెరూషలేము వీధులలో వృద్ధులు కఱ్ఱ పట్టుకొని కూర్చుండగా బాలబాలికలు ఆడుకొందురని జెకర్యా 8:4-5లో దేవుడు వాగ్దానము చేశాడు. పెద్దలూ పిల్లలూ ఒకే వీధిలో ఉన్నారు, గమనించండి. మన ఇండ్లు కూడా అట్లే ఉండుటకు ప్రభువు కృప చూపును గాక. ఆమేన్.